‘మీరు క్రిస్మస్ చేస్తారా?’ అని అడిగేవాళ్లు ఏం అడుగుతున్నట్టు?

డిసెంబరు మొదటి వారం దాటిందంటే సికింద్రాబాద్ బస్తీల్లో ఇంటిముందు నక్షత్రాలు వెలుగుతాయి. అడ్డగుట్ట, లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ, బొల్లారం. రైల్వే క్వార్టర్లలో ఒక వరస, రేకుల ఇళ్ల నుంచి స్లాబు ఇళ్లుగా మారిన గల్లీల్లో ఇంకో వరస. అక్కడి నుంచి సంక్రాంతి దాకా నెల రోజులపైన ఫోన్లు ఊరికే ఉండవు. ఒకరు హ్యాపీ క్రిస్మస్ పంపిస్తారు, ఒకరు జై భీమ్ అంటారు, ఒకరు సీజన్స్ గ్రీటింగ్స్ అని ఆఫీసు మెయిల్ పెడతారు. ఇంకొకరు ‘మన కొత్త సంవత్సరం ఉగాదే, జనవరి ఒకటి కాదు’ అని ఫార్వర్డు చేస్తారు.

మర్యాద కోసం పంపే రెండు మాటల మీద ఇంత చర్చ ఎందుకని బయటివాళ్లకు అనిపించవచ్చు. ఆ బస్తీల్లో ఆ చర్చ మర్యాద గురించి జరగదు. ఏటా డిసెంబరులో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: “అన్నా, పాపకు క్యాస్ట్ సర్టిఫికెట్‌కు పెట్టినం. ఇప్పుడు స్టేటస్‌లో హ్యాపీ క్రిస్మస్ పెడితే ఏమన్న ఇబ్బందా?”

ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడమే ఈ వ్యాసం పని. దాని కోసం కొంచెం వెనక్కి పోవాలి.

ముందు ఆ ప్రశ్నకు చుట్టమైన ఇంకో ప్రశ్న చూద్దాం. ఆఫీసు క్యాంటీన్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఇల్లు అద్దెకు చూడబోయిన చోట, ఎంతో మామూలుగా నవ్వుతూ అడుగుతారు: “మీరు క్రిస్మస్ చేస్తారా?” తెలుగు నేల మీద క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఈ సంగతి అడిగేవాళ్లకూ తెలుసు, జవాబు చెప్పేవాళ్లకూ తెలుసు. ‘మీ ఇంటిపేరేంటి’, ‘మీది ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు’, ‘నాన్‌వెజ్‌లో ఏమేం తింటారు’ లాంటి ప్రశ్నల జాబితాలో ఇదీ ఒకటి. కులం పేరెత్తకుండా కులం తెలుసుకునే దారి.

రెడ్డి క్రైస్తవులను ఇలా అడిగితే సంగతి వేరు. తెలుగునాట రెడ్ల ఇళ్లలో కొందరు క్యాథలిక్కులుగా మారడం 18వ శతాబ్దంలోనే మొదలైంది. వాళ్ల పేరు చివర రెడ్డి అట్లాగే ఉంది, పొలం అట్లాగే ఉంది, ఊళ్లో పలుకుబడి అట్లాగే ఉంది. వాళ్లు మెర్రీ క్రిస్మస్ అంటే ఏ అధికారీ వచ్చి ఇంటి గోడలు చూడడు. వాళ్లకు క్రిస్మస్ పండగ మాత్రమే. మనకు అదే పండగ విచారణ కూడా కాగలదు.

దండం నుంచి వందనం దాకా

పలకరింపు మన దగ్గర ఎప్పుడూ ఉత్త మాట కాదు. తెలంగాణ గడీల కాలంలో కింది కులం మనిషి నోట రావాల్సిన పలకరింపు ఒకటే: ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’. చెప్పులు చేతపట్టుకొని, తుండుగుడ్డ నడుముకు చుట్టుకొని, పక్కకు తొలగి నిలబడి ఆ మాట అనాలి. దొర తిరిగి ఏమీ అనక్కర్లేదు. పలకరింపు ఒకవైపే నడిచేది. పండక్కి శుభాకాంక్షలు చెప్పుకోవడమంటే ఎదుటివాణ్ని సమానుడిగా ఒప్పుకోవడం. వెట్టి నడిచిన ఊళ్లో ఆ ఏర్పాటే లేదు.

అందుకే కంటోన్మెంటు ఊరు సికింద్రాబాద్‌లో జరిగింది గమనించాలి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో ఈ ఊరు ఏర్పడింది. పటాలం చుట్టూ పని దొరికింది: గుర్రపుశాలల్లో, వంటశాలల్లో, తోలు పనిలో, ఆ తర్వాత రైల్వేలో. దొర గడీ నుంచి తప్పించుకొచ్చినవాళ్లకు ఇక్కడ నెల జీతం, కులం అడగని బ్యారక్ పని కొంతవరకైనా దొరికాయి. 1880 ప్రాంతంలో వెస్లియన్ మిషనరీలు ఇక్కడికి వచ్చారు. మొదట ఇక్కడి సైనికుల మధ్య పనిచేసిన చార్లెస్ వాకర్ పాస్నెట్ తర్వాత మెదక్ వెళ్లాడు. అక్కడ కరువు రోజుల్లో పనికి తిండి పెడుతూ కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. నూరేళ్ల తర్వాత, 2024 క్రిస్మస్ రోజున, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి వెళ్లారు. అటు ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు.

ఈ లక్షల మంది నోట కొత్తగా వచ్చిన పలకరింపు ‘వందనాలు’. పాస్టరు కూలిమనిషికి వందనాలు చెబుతాడు, కూలిమనిషి పాస్టరుకు వందనాలు చెబుతుంది. ఇద్దరూ చేతులు జోడిస్తారు. ఒకవైపు నడిచే దండం రెండువైపుల వందనం అయింది. మతం మార్పిడి గురించి రాసేవాళ్లు బియ్యం, పాలపొడి లెక్కలు వేస్తారు గాని ఈ మాట విలువ లెక్కలోకి తీసుకోరు. చర్చిలో కులం పోయిందని దీని అర్థం కాదు. మాల సంఘం, మాదిగ సంఘం వేరుగా కూర్చున్న చర్చిలు, వేరే సమాధి స్థలాలు, పెత్తనం కోసం తగాదాలు మనకు తెలియనివి కావు. వందనాలు అన్న నోటితోనే పిల్లనిచ్చేటప్పుడు శాఖ అడుగుతారు.

ఇంకో దారిలో ‘జై భీమ్’ వచ్చింది. నాగపూర్ దగ్గర కాంప్టీకి చెందిన బాబు హర్దాస్ 1930లలో దీన్ని పలకరింపుగా ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటికి అంబేడ్కర్ బతికే ఉన్నారు. హైదరాబాద్ సంస్థానంలో దానికన్నా ముందే మాదరి భాగ్యరెడ్డి వర్మ నాయకత్వంలో పేర్ల మీదే పోరాటం నడిచింది. 1917లో బెజవాడ మహాసభలో ‘పంచమ’ అన్న పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అన్నారు. మనల్ని ఎవరు ఏమని పిలవాలో మనమే చెప్తామన్న పట్టుదల అది. 2021లో సూర్య సినిమా వచ్చాక జై భీమ్ మాట మన బస్తీల బయటా తెలిసింది. తెలిసినంత మాత్రాన తిరిగి జై భీమ్ అనేవాళ్లు పెరిగారా అంటే, మీ ఆఫీసు గ్రూపులో ఒకసారి పెట్టి చూడండి.

ఒకే తేదీకి ఎన్ని పేర్లు

డిసెంబరు 25 దగ్గరే మన ఇళ్లలో అసలు వాదన మొదలవుతుంది. అమ్మ తెల్లవారుజామున ఆరాధనకు తయారవుతుంటే, కొడుకు ఫోన్‌లో ‘మనుస్మృతి దహన్ దివస్’ పోస్టరు తిరుగుతుంటుంది.

1927 డిసెంబరు 25 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. తీర్మానం ప్రతిపాదించింది గంగాధర్ నీలకంఠ సహస్రబుద్ధే, పుట్టుకతో బ్రాహ్మణుడు. ఆ సభకు స్థలం ఇచ్చినాయన ముస్లిం. మరి డిసెంబరు 25నే ఎందుకు? క్రిస్మస్‌కు పోటీగా కాదు. బ్రిటిష్ పాలనలో ఆఫీసులకు, కోర్టులకు, కాలేజీలకు సెలవులు వచ్చేది డిసెంబరు చివరి వారంలోనే. కాంగ్రెస్ మహాసభలు కూడా ఎక్కువగా ఆ వారంలోనే జరిగేవి. క్రిస్మస్ సెలవు ఉండబట్టే దూరాల నుంచి జనం మహాడ్‌కు రాగలిగారు. కాబట్టి ‘క్రిస్మస్ అంటే అంబేడ్కర్‌ను మరిచినట్టే’ అనే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. అమ్మను నొప్పించాల్సిన పని లేదు. అలాగే దహన దివస్ మాటెత్తితే పండగ పాడు చేస్తున్నారని విసుక్కునే పాస్టర్లు కూడా ఆలోచించాలి. వాళ్ల సంఘంలో ముందు వరస కుర్చీల్లో కూర్చున్నవాళ్ల తాతలకు అక్షరం నిషేధించిన ధర్మం ఏ పుస్తకంలో ఉందో అది వాళ్లకు తెలియనిది కాదు.

అదే తేదీకి ఇంకో జ్ఞాపకం ఉంది. 1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమని అడిగిన దళిత కూలీల మీద భూస్వాములు దాడి చేశారు. పారిపోయి ఒక గుడిసెలో దాక్కున్న 44 మందిని, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, సజీవంగా కాల్చేశారు. భూస్వాములు హైకోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. కారంచేడు, చుండూరు మనకు గుర్తున్నంతగా తెలుగులో ఈ తేదీ గుర్తులేదు.

ఇవి ఉండగా పైనుంచి ఇంకో రెండు పేర్లు దిగాయి. 2014లో కేంద్ర ప్రభుత్వం వాజ్‌పేయి పుట్టినరోజు పేరుతో డిసెంబరు 25ను సుపరిపాలన దినం చేసింది. అదే ఏడాది నుంచి ఆశారాం అనుచరులు ఆ రోజునే తులసీ పూజ దినమని ప్రచారం మొదలుపెట్టారు. మహాడ్ సంగతి వేరు, ఇది వేరు. ఇది ఆ తేదీని చూసుకుని మరీ పెట్టిన పేరు. దహన దివస్‌ను, తులసీ దివస్‌ను ఒకే గాటన కట్టి ‘అందరూ క్రిస్మస్ మీదే పడ్డారు’ అనడం సరికాదు.

జనవరి ఒకటి గొడవ దీనికి తమ్ముడు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ కింద ఉన్న హిందూ ధర్మ పరిరక్షణ ట్రస్టు ఆలయాలకు ఒక సర్క్యులర్ పంపింది. జనవరి 1న పూల అలంకరణలూ వేడుకలూ వద్దనీ, మన సంవత్సరాది ఉగాదేననీ దాని సారాంశం. ఆ వాదన ఎవరి మధ్యదో వాళ్లు తేల్చుకోవచ్చు. ఉగాది రోజు గుడి గడప దాటనివ్వని కులాలవాళ్లకు ‘మన ఉగాది’ అన్న మాటలో ‘మన’ ఎవరన్న సందేహం ఉంటుంది. జనవరి 1 మనకు ఇంకో రకంగా గుర్తు. 1818లో భీమా నది ఒడ్డున కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యాన్ని నిలువరించిన కంపెనీ దళంలో మహార్ సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1927 జనవరి 1న అంబేడ్కర్ ఆ స్తూపం దగ్గరికి వెళ్లారు. అప్పటి నుంచి ఆ రోజు జై భీమ్ రోజయింది. కోరేగావ్‌ను కుల విముక్తి యుద్ధంగా చెప్పడం చరిత్రకు మించిన మాటని ఆనంద్ తేల్తుంబ్డే లాంటివాళ్లు వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. అయినా 2018లో ద్విశతాబ్ది రోజున అక్కడికి వెళ్లినవాళ్ల మీద రాళ్లు పడ్డాక, ఆ తర్వాత నడిచిన కేసులో తేల్తుంబ్డేతో పాటు హైదరాబాద్ నుంచి వరవరరావును కూడా జైల్లో పెట్టాక, జనవరి 1న ‘హ్యాపీ న్యూ ఇయర్, జై భీమ్’ అని కలిపి పంపే మెసేజ్‌కు వేరే బరువు వచ్చింది. జనవరి 3 సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు. దాని మీద ఏ వాదనా లేదు, హాయిగా చెప్పుకోవచ్చు.

సంక్రాంతి సంగతి క్లుప్తంగా. సికింద్రాబాద్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటు లేకుండా జనం ఊళ్లకు పోతారు. మోట బొక్కెన కుట్టి, చెప్పులు కుట్టి, డప్పు కొట్టినవాళ్లకు కళ్ళం దగ్గర మేర కొలిచిన పంటల పండగ అది. కష్టం మనది, కొలిచే చెయ్యి వేరేవాళ్లది. అయినా ఊరికి పోతాం, అమ్మా నాన్నా ఉన్నారు కాబట్టి. సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పడానికి ఎవరికీ సర్టిఫికెట్ భయం లేదు.

హైటెక్ సిటీ ఆఫీసుల్లో ‘సీజన్స్ గ్రీటింగ్స్’ మాట బాగా నడుస్తుంది. అమెరికాలో మెర్రీ క్రిస్మస్ బదులు హ్యాపీ హాలిడేస్ అనాలన్న వాదన ఎందుకు వచ్చిందంటే, అక్కడ క్రైస్తవులు ఎక్కువ కాబట్టి. యూదులు, ముస్లింలు, ఏ మతమూ లేనివాళ్లు తమను వదిలేశారనుకోకూడదని ఆ మాట. అదే మాట సికింద్రాబాద్‌కు వచ్చేసరికి తిరగబడింది. ఇక్కడ క్రిస్మస్ చేసేవాడే మైనారిటీ. దీపావళికి హ్యాపీ దీపావళి అనే మెయిల్, డిసెంబరులో మాత్రం రుతువు పేరు చెబుతుంది. అయినా మనవాళ్లలో చాలామందికి ఆ మాట నచ్చుతుంది. ఎందుకంటే అందులో దాక్కోవచ్చు. దాక్కోవాల్సిన అవసరం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఆ ఇష్టాన్ని తప్పుపట్టడం అన్యాయం.

సర్టిఫికెట్ భయం ఎక్కడిది

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల జాబితా ప్రకటించింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తిని షెడ్యూల్డ్ కులం మనిషిగా చూడరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. అందుకే ఆగస్టు 10ని దళిత క్రైస్తవ సంఘాలు బ్లాక్ డేగా పాటిస్తాయి.

దీని అర్థం పలకరింపుల భాషలో చెప్పాలంటే ఇదీ: ‘నమో బుద్ధాయ, జై భీమ్’ అన్న మాలకు ఎస్సీ హోదా ఉంటుంది. బాప్తిస్మం తీసుకుని ‘ప్రైజ్ ది లార్డ్’ అన్న అతని అన్నకు ఉండదు. ఇద్దరూ ఒకే గల్లీ, ఒకే తాత.

తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లకు, వాళ్ల సంతానానికి బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్సీలకు 15 శాతం. ఆ తేడాలో ఒక మెడికల్ సీటు, ఒక గ్రూప్-2 ఉద్యోగం, ఒక వార్డు కౌన్సిలర్ పదవి ఉన్నాయి. వీటికన్నా ముఖ్యం 1989 అట్రాసిటీ నిరోధక చట్టం. 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి కులం పేరుతో దూషించారని పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. చేతిలో కుల సర్టిఫికెట్ ఉన్నా సరే, క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి ఆ చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. తిట్టినవాడు మతం చూసి తిట్టలేదు కదా అన్న మన ప్రశ్నకు మూడో పేరాలో జవాబు లేదు.

1985లో సుప్రీంకోర్టు ముందుకు సూసై కేసు వచ్చింది. ఆయన తమిళనాడులో చెప్పులు కుట్టే ఆది ద్రావిడ క్రైస్తవుడు. రోడ్డు పక్కన పనిచేసే తోటి చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది, ఆయనకు ఇవ్వలేదు. మతం మారాక కూడా వివక్ష అదే స్థాయిలో కొనసాగుతోందని రుజువులు చూపలేదంటూ కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. అదే ఫుట్‌పాత్, అదే ఆరె, అదే తోలు.

అంతకుముందు 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో ఇంకో కోణం తేలింది. క్రైస్తవంలోకి మారిన మాదిగ తల్లిదండ్రులకు పుట్టిన విద్యార్థి హిందువుగా మారాడు. కులంవాళ్లు తిరిగి తమలో ఒకడిగా ఒప్పుకుంటే కులం తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరు 26న సెల్వరాణి కేసులో మాత్రం, బాప్తిస్మం తీసుకుని క్రమంగా చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసమే హిందువునంటే కుదరదని, అది రాజ్యాంగాన్ని మోసగించడమని అన్నది. ఈ తీర్పు వార్త చూశాకే మన ఫోన్లలో భయం ఎక్కువైంది. ఇంటి ముందు నక్షత్రం తీసేయాలా, స్టేటస్ పెట్టొద్దా అన్న ప్రశ్నలు అక్కడి నుంచే.

మరి ‘హ్యాపీ క్రిస్మస్’ అంటే?

రాష్ట్రపతి ఉత్తర్వు అడిగేది మనిషి ఏ మతాన్ని తనదిగా ప్రకటించుకుని అవలంబిస్తున్నాడన్నది. బౌద్ధంలోకి మారిన ఒక నాగపూర్ నాయకుడి ఎన్నిక కేసులో 1964లోనే సుప్రీంకోర్టు దీనికి అర్థం చెప్పింది. తన విశ్వాసం ఇదీ అని నలుగురికీ తెలిసేలా బాహాటంగా వెల్లడించడమే ఆ మాటకు అర్థమని. ఎదుటివాడి పండక్కి శుభాకాంక్షలు చెప్పడం ఆ కోవలోకి రాదు. వస్తే ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం ఇచ్చే క్రిస్మస్ విందులో కేకు కోసిన ముఖ్యమంత్రులందరి కులాన్నీ మళ్లీ విచారించాలి.

ఇది తర్కం మాత్రమే కాదు, తీర్పులూ ఉన్నాయి. తమిళనాడులో హిందూ పల్లర్ కులానికి చెందిన ఒక డాక్టర్ క్రైస్తవుణ్ని పెళ్లాడారు. ఆమె క్లినిక్‌లో గోడకు సిలువ కనిపించిందని అధికారులు 2013లో ఆమె సర్టిఫికెట్ రద్దు చేశారు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. భర్తతో, పిల్లలతో కలిసి చర్చికి వెళ్లినంత మాత్రాన, సిలువ ఉన్నంత మాత్రాన తన విశ్వాసం వదులుకున్నట్టు కాదని తేల్చింది. 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ముందుకు మహార్ కులానికి చెందిన బౌద్ధ కుటుంబం అమ్మాయి కేసు వచ్చింది. ఇంట్లో యేసు పటం ఉందని విజిలెన్స్ అధికారి రాశాడు. ఆ పటం ఎవరో బహుమతిగా ఇచ్చారని కుటుంబం చెప్పింది. పటం ఉంటే మతం మారినట్టు కాదని కోర్టు చెప్పి, సర్టిఫికెట్ చెల్లుబాటు చేయమని ఆదేశించింది.

కాబట్టి స్టేటస్ పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. నక్షత్రం కట్టొచ్చు, పక్కింటికి కేకు పంపొచ్చు, క్యారల్స్ వాళ్లు వస్తే తలుపు తీయొచ్చు. కేసుల్లో బరువు తూగేవి వేరే కాగితాలు: చర్చి బాప్తిస్మం రిజిస్టరు, 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి సర్టిఫికెట్, పాస్టరుగా నియామకం, స్కూలు రికార్డుల్లో రాయించిన మతం. నిజంగా విశ్వసించి బాప్తిస్మం తీసుకున్నవాళ్ల ముందున్న చిక్కు పలకరింపులతో తీరేది కాదు. చర్చి రిజిస్టరులో ఒక పేరు, స్కూలు రికార్డులో ‘హిందూ-మాల’ అని ఇంకో సంగతి పెట్టుకుని బతుకుతున్న కుటుంబాలను మోసగాళ్లని పిలవడం తేలిక. విశ్వాసం కావాలా, అట్రాసిటీ చట్టం కావాలా ఏదో ఒకటే ఎంచుకోమని 1950 నుంచి అడుగుతున్న మూడో పేరాను ఏమని పిలవాలో కూడా అప్పుడు చెప్పాలి. ఆ పేరా మార్చి దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేసి రెండేళ్ల గడువిచ్చింది, ఆ తర్వాత గడువు పొడిగించింది.

ఈలోగా పక్కింటివాడో, ఎన్నికల్లో ఓడిన ప్రత్యర్థో, ప్రమోషన్ రాని సహోద్యోగో మీ క్రిస్మస్ ఫోటో స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం ఉంది. దాని ప్రకారం సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం జిల్లా కలెక్టర్‌ది, గల్లీ పెద్దమనిషిది కాదు, విచారణకు వచ్చిన గిర్దావర్‌ది కూడా కాదు. రద్దు చేసే ముందు మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. రద్దయితే ప్రభుత్వానికి అప్పీలు ఉంది, ఆపైన హైకోర్టు ఉంది. ఇంటికి వచ్చి ‘చర్చికి పోతరా’ అని నోటిమాటగా అడిగినవాళ్లకు భయంతో ఏదో ఒకటి చెప్పి, వాళ్లు రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. నోటీసు రాతపూర్వకంగా ఇమ్మనండి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. తల్లిదండ్రుల స్కూలు టీసీలు, పాత కుల ధ్రువపత్రాలు, తాతల కాలం భూమి కాగితాలు ఉంటే నకళ్లు తీసి ఒకచోట పెట్టుకోండి.

పిల్లల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాల్సినవాళ్లు డిసెంబరు మూడో వారంలోపే మీసేవలో పెట్టుకోవడం మంచిది. 25న, 26న మారేడ్‌పల్లి తహసీల్దారు ఆఫీసు ఉండదు. క్రిస్మస్ సెలవు.